ఆరోగ్య పాఠం: యాసిడ్ పడితే మొదటి 20 నిమిషాలు



ఈసారి పాఠం జ్వరం గురించి కాదు, బి.పి., షుగరు గురించీ కాదు. ఒక సీసా గురించి. మన ల్యాబులో తాళం వేసిన అల్మారా కింది అరలో అది ఉంటుంది. అందులో ఉన్నది సల్ఫ్యూరిక్ యాసిడ్. పాత బడి పుస్తకాల్లో దీనినే గంధకికామ్లం అనేవారు. ల్యాబులో ఉన్నదానితో నాకు దిగులు లేదు. ఇదే యాసిడ్ కొంచెం పలచగా మీ ఇన్వర్టరు బ్యాటరీలో, ట్రాక్టరు బ్యాటరీలో, ఆటో బ్యాటరీలో ఉంది. దానికి చుట్టం లాంటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ మీ బాత్‌రూము మూలన ఉంది. నా దిగులంతా వాటి గురించే.

ఇద్దరు మనుషులు

చాలా ఏళ్ళ క్రితం ఒక వేసవి మధ్యాహ్నం తొమ్మిదేళ్ళ బాబును తీసుకొచ్చారు. ఆడుకుని దాహంతో ఇంటికొచ్చి, కిటికీ దగ్గరున్న కూల్‌డ్రింకు సీసా ఎత్తి ఒక గుక్క తాగాడు. అందులో ఉన్నది బ్యాటరీలో పోయగా మిగిలిన యాసిడ్. మామ్మ భయపడిపోయి ఉప్పునీళ్ళు పట్టించి, నోట్లో వేలు పెట్టి కక్కించింది. ఆమె ప్రేమతోనే చేసింది. కానీ దిగేటప్పుడు ఒకసారి కాల్చిన యాసిడ్, పైకి వచ్చేటప్పుడు రెండోసారి కాల్చింది. బాబు బతికాడు. కొన్ని వారాలకు అన్నం ముద్ద దిగడం మానేసింది. కాలిన చోట అన్నవాహిక మచ్చకట్టి ఇరుకైపోయింది. దానిని వెడల్పు చేయించడానికి ఆ తల్లి బిడ్డను ఎత్తుకుని ఎన్నిసార్లు పెద్దాసుపత్రికి తిరిగిందో!

ఇంకొకరు ఆటో డ్రైవరు. బ్యాటరీ దించుతుండగా యాసిడ్ కంట్లో చిందింది. పక్కింటి ఆవిడ అతన్ని చెయ్యి పట్టి లాక్కెళ్ళి బోరు పంపు దగ్గర కూర్చోబెట్టి, రెప్పలు విప్పి పట్టుకుని అరగంట సేపు నీళ్ళు పోసింది. తరువాతే ఆసుపత్రికి తెచ్చారు. ఆ కన్ను నిలిచింది.

మేము మందు వేయకముందే ఇద్దరి విషయంలోనూ చాలావరకు జరిగిపోయింది. ఈ పాఠం అంతా ఆ మొదటి నిమిషాల గురించే.

ల్యాబులో దీనితో ఏం పని?

క్షయ అనుమానం ఉన్నవారి తెమడ పరీక్షలో దీనిని వాడతారు. తెమడను గాజు స్లైడుపై పూసి ఎర్రరంగు వేసి వేడి చేస్తారు. తరువాత 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కడుగుతారు. మిగతా క్రిముల రంగు పోతుంది. క్షయ క్రిమికి మైనం లాంటి పొర ఉండటం వల్ల దాని రంగు పోదు. మైక్రోస్కోపులో ఎర్రని సన్నని పుల్లల్లా కనబడుతుంది. దీనిని జీల్-నీల్సన్ పద్ధతి అంటారు. ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలతో పరీక్షలు చేస్తున్నా, ఈ స్లైడు పరీక్ష ఇంకా ఉంది. ఎందరో రోగుల జబ్బు కనిపెట్టి ప్రాణం నిలిపిన యాసిడ్ ఇది. సరైన చేతుల్లో, సరైన చోట ఉన్నంతవరకు మేలే చేస్తుంది.

ఒంటిమీద ఏం చేస్తుంది?

ల్యాబుకు వచ్చే చిక్కటి యాసిడ్ 98 శాతం ఉంటుంది. నూనెలా జారుతుంది, రంగు ఉండదు. దీనికి నీరంటే విపరీతమైన ఆశ. పంచదారలో పోస్తే దానిలోంచి నీటిని లాగేసి నల్లటి బొగ్గుగా మారుస్తుంది. చర్మంలోనూ అదే చేస్తుంది. కండలోని నీటిని లాగుతుంది, లాగేటప్పుడు వేడి పుట్టిస్తుంది. అంటే రెండు విధాల కాలుస్తుంది. కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర తెల్లబడిపోతే చూపు పోతుంది.

బ్యాటరీలో ఉండేది ఇంకా పలచన. అది పడిన వెంటనే పెద్దగా మంట తెలియకపోవచ్చు. నూలు చీర మీద చుక్క పడితే ఆ పూట కనబడదు, ఉతికిన తరువాత చిల్లు కనబడుతుంది. మంట లేదు కదా అని ఊరుకోకూడదు.

ఒక సందేహం

ఇంటర్మీడియట్ చదివే పిల్లలు ఇలా అడుగుతారు: “యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదని మా లెక్చరరు చెప్పారు. మీరేమో ఒంటిమీద యాసిడ్ పడితే నీళ్ళు పోయమంటున్నారు. ఏది నిజం?”

రెండూ నిజమే. చిక్కటి సల్ఫ్యూరిక్ యాసిడ్ నీటికంటే సుమారు 1.8 రెట్లు బరువు. దానిమీద కొంచెం నీళ్ళు పోస్తే నీళ్ళు పైనే ఉండిపోయి, పుట్టిన వేడికి అక్కడికక్కడే మరిగి, యాసిడ్‌ను ముఖం మీదకు చిమ్ముతాయి. అందుకే ల్యాబులో ముందు 300 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటరు తీసుకుని, అందులో 100 మిల్లీలీటర్ల యాసిడ్‌ను గాజు గోడ వెంట కొద్దికొద్దిగా, కలుపుతూ పోస్తారు. ఎప్పుడైనా నీళ్ళలోకి యాసిడ్, యాసిడ్‌లోకి నీళ్ళు కాదు.

ఒంటిమీద సంగతి వేరు. అక్కడ ఉన్నది కొంచెం యాసిడ్, మనం పోసేది బిందెల కొద్దీ నీళ్ళు. ఆ ధార యాసిడ్‌నూ, పుట్టిన వేడినీ కలిపి తీసుకుపోతుంది. కనుక తడిగుడ్డతో తుడవడం, నాలుగు చుక్కలు చిలకరించడం చాలదు. ధారగా పోయాలి.

పడితే ఏం చేయాలి?

చర్మం మీద: తడిసిన బట్టలు, గాజులు, ఉంగరాలు, వాచీ వెంటనే తీసేయండి. సిగ్గుపడే సమయం కాదు. కుళాయి కింద గానీ, బోరు కింద గానీ కనీసం 20 నిమిషాలు గడియారం చూసి నీళ్ళు పోయండి. ఆ నీళ్ళు మంచి చర్మం మీదకు పారకుండా చూడండి. పోసేవారు తమ చేతులు కాపాడుకోవాలి.

కంట్లో: యాసిడ్ పడిన కన్ను కిందివైపు ఉండేలా తల వంచి, రెప్పలు విప్పి పట్టుకుని, ముక్కు వైపు నుంచి బయటికి 20 నుంచి 30 నిమిషాలు శుభ్రమైన నీరు పోయండి. నలపకండి. ఆముదం, చనుబాలు, ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు వేయకండి. ఆ తరువాత కంటి డాక్టరుకు చూపించి తీరాలి.

మింగితే: కక్కించకండి. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు వద్దు. విరుగుడని నిమ్మరసం, సోడా, మజ్జిగ పట్టించకండి. నోరు నీటితో పుక్కిలించి ఉమ్మించండి. డాక్టరు చెప్పేవరకు నోటి ద్వారా ఇంకేమీ ఇవ్వకండి. 108కి ఫోను చేయండి. ఆ సీసా కూడా మూత బిగించి తీసుకురండి. నోట్లో పుండ్లు లేకపోయినా లోపల కాలి ఉండవచ్చు.

కాలిన చోట పసుపు, ఇంకు, టూత్‌పేస్టు, నెయ్యి, కోడిగుడ్డు సొన రాయకండి. సున్నం గానీ, తినే సోడా గానీ ఒంటికి పూయకండి. అవి యాసిడ్‌తో కలిసినప్పుడు మళ్ళీ వేడి పుడుతుంది. నేలమీద ఒలికితే మాత్రం ఇసుక చల్లి, దానిమీద సోడా గానీ సున్నం గానీ కొద్దికొద్దిగా వేసి, నురుగు ఆగాక నీళ్ళతో కడగవచ్చు. గుర్తుంచుకోండి: నేలమీద సోడా, ఒంటిమీద నీళ్ళే.

ఇంట్లో పాటించవలసినవి

1. నీళ్ళ సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో యాసిడ్ ఎప్పుడూ పోయవద్దు. వచ్చిన సీసాలోనే, పేరు చీటీతోనే ఉంచండి.

2. “బ్యాటరీ నీళ్ళు” అనే మాట మానండి. డిస్టిల్డ్ వాటరునూ, యాసిడ్‌నూ రెంటినీ కొందరు అదే పేరుతో పిలుస్తారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. ఇన్వర్టరు బ్యాటరీలో మట్టం తగ్గితే పోయవలసింది డిస్టిల్డ్ వాటరే.

3. బ్యాటరీ మూతలు తీసేటప్పుడు కళ్ళజోడు, రబ్బరు గ్లౌజులు వేసుకోండి. దగ్గర అగ్గిపుల్ల గీయవద్దు, బీడీ కాల్చవద్దు. చార్జి అయ్యే బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది.

4. బాత్‌రూము యాసిడ్‌నూ, బ్లీచింగు పౌడరునూ కలపవద్దు. క్లోరిన్ విషవాయువు పుడుతుంది. వరదల తరువాత ఇళ్ళు కడిగేటప్పుడు ఈ సంగతి మరువవద్దు.

5. యాసిడ్ సీసాను మెడ పట్టుకుని ఎత్తవద్దు. ఒక చెయ్యి అడుగున పెట్టండి. ఎత్తు అరల మీద కాక, కింద తాళం వేసే చోట ఉంచండి.

6. మిగిలినది కాలువలో పారబోయవద్దు. బ్యాటరీ షాపులో తిరిగి ఇవ్వండి.

చట్టం ఏమంటుంది?

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. వారిలో ఒకరు ఆ నెలలోనే చనిపోయారు. అప్పట్లో ఎవరైనా వెళ్ళి అడిగితే షాపులో యాసిడ్ దొరికేది. 2013 జూలై 18న సుప్రీంకోర్టు దీనికి కట్టడి పెట్టింది. కొనేవారు ఫోటో గుర్తింపు కార్డు చూపి, ఎందుకో చెప్పాలి. అమ్మేవారు రిజిస్టరులో రాయాలి. 18 ఏళ్ళ లోపువారికి అమ్మరాదు. కాలేజీలు, ల్యాబులు, ఆసుపత్రులు కూడా వాడకం లెక్క రాసి, ఒకరిని బాధ్యులుగా పెట్టాలి. కావాలని యాసిడ్ పోసి గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 124వ సెక్షను కింద పదేళ్ళకు తక్కువ కాకుండా, యావజ్జీవం వరకు శిక్ష ఉంటుంది. బాధితులకు ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఉచితంగా వైద్యం చేయాలి, కాదని పంపకూడదు.

ఇంటిల్లిపాదీ జవాబు చెప్పుకోండి

మన ఇంట్లో యాసిడ్ ఎక్కడ ఉంది? ఏ సీసాలో ఉంది? పిల్లల చేతికి అందుతుందా? యాసిడ్ పడితే ఎంతసేపు నీళ్ళు పోయాలి? మింగితే ఏం చేయకూడదు?

ఈ ఆదివారం ఆరాధన నుంచి ఇంటికి వెళ్ళగానే మొదటి ప్రశ్నకు జవాబు వెతకండి. కూల్‌డ్రింకు సీసాలో యాసిడ్ కనబడితే ఆ పూటే తాళం వేసిన చోటికి చేర్చండి, సోమవారం షాపులో ఇచ్చేయండి. ఖాళీ అయిన ఆ సీసాను మళ్ళీ నీళ్ళకు వాడకండి. దేవుడు మన పిల్లల కళ్ళను, గొంతులను కాపాడును గాక. ఆ కాపుదలలో మన చేతులు చేయవలసిన పని కూడా ఉందని మరువకండి.