బోరు మోటారు మార్చే ముందు

నాలుగో జ్వరం లేచి పురుగు ఆకు మీద పడినప్పుడే మోటారు కాలుతుంది, మన అదృష్టం అట్లాంటిది! ఆ తొందరలో వై.ఎన్.హొసకోట వైపు మనం చేసే తప్పు ఒకటే: ఇంకా పెద్ద హెచ్‌పీ దించడం. దాంతో బోరులో ఊట పెరగదు. నీళ్లు తొందరగా అయిపోయి, మోటారు ఉత్తిగా తిరిగి మళ్లీ కాలుతుంది.

అందుకే మోటారు బాగున్నప్పుడే కొలిచి రాసి పెట్టుకుందాం. రెండు గంటలు ఆడినాక 200 లీటర్ల డ్రమ్ము 2 నిమిషాలకు నిండితే గంటకు 6,000 లీటర్లు. ఆడేటప్పుడు నీళ్లు 500 అడుగుల్లో నిలబడితే, డ్రిప్పుకు 1 కిలో ఒత్తిడి అంటే ఇంకో 33 అడుగులు. పైపు రాపిడీ కలిపితే సుమారు 570. ఆ ఎత్తుకు 6,000 కన్నా కొంచెం తక్కువే ఇచ్చే పంపు అడగండి. హెచ్‌పీ ఒక్కటే చెప్తే చాలదు, స్టేజీలు ఎన్నో చూడండి. నీళ్లు లేకుంటే తనే ఆగే స్టార్టరు తప్పకుండా పెట్టించండి.