కపాల మూలంలో కణితులు – శస్త్రచికిత్స

ఉద్దేశం

మానవ శరీరంలో కత్తికి అందని చోటుగా వైద్యులు చాలాకాలం భావించిన భాగం పుర్రె అడుగుభాగం. అక్కడ పుట్టే కణితులకు చేసే శస్త్రచికిత్స గత నూరు సంవత్సరాలలో ఏ విధంగా మారిందో, ఆ మార్పు ఫలితం నంద్యాల, ఆళ్లగడ్డ వంటి ఊళ్ల ప్రజలకు అందాలంటే ఏమి అవసరమో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ శిల్పకళకు పేరుపొందిన పట్టణం. అక్కడి శిల్పులు మలచిన దేవతామూర్తులు దూరప్రాంతాల ఆలయాలలో సైతం పూజలందుకుంటున్నాయి. శిల్పి మొదట రాతిమీద గీతలు గీసుకుంటాడు. గీతకు వెలుపల ఉన్నది తొలగిపోవలసిన రాయి; లోపల ఉన్నది నిలిచిపోవలసిన మూర్తి. ముక్కు కొస దగ్గర ఉలి వెంట్రుకవాసి ఎక్కువ దిగితే ఎన్నో రోజుల శ్రమ వ్యర్థమవుతుంది. కనుక శిల్పి ఎంత రాయి తీయగలడన్నది కాదు, ఎక్కడ ఆగగలడన్నదే అతని నేర్పుకు కొలమానం. వైద్యశాస్త్రంలో ఈ మాట పూర్తిగా వర్తించే శాఖ ఒకటి ఉన్నది. అదే కపాల మూల శస్త్రచికిత్స. అయితే శిల్పికి ఒక రాయి చెడిపోతే మరొక రాయి దొరుకుతుంది. శస్త్రవైద్యునికి ఆ వెసులుబాటు లేదు.

మెదడును పైనుండి కప్పి ఉంచే డొప్పవంటి ఎముకలు ఒక ఎత్తు, దానిని కిందినుండి మోసే ఎముకలు మరొక ఎత్తు. ఈ కింది భాగాన్నే కపాల మూలం అంటారు. ఇది చదునుగా ఉండదు. ముందునుండి వెనుకకు దిగుతున్న మూడు మెట్లవలె ఉంటుంది. మొదటి మెట్టు కళ్లకు, ముక్కుకు పైకప్పు. రెండవ మెట్టు కణతల లోపలి భాగం. మూడవ మెట్టు చిన్నమెదడుకు, మెదడు కాండానికి ఆధారం. ఈ మెట్ల నిండా చిన్న, పెద్ద రంధ్రాలు ఉన్నాయి. చూపు, వినికిడి, మాట, మింగడం, ముఖంలోని కదలికలు మొదలైన పనులను నడిపించే 12 జతల కపాల నాడులు ఈ ప్రాంతాన్ని ఆశ్రయించుకొని ఉన్నాయి. మెదడుకు నెత్తురు తీసుకొనిపోయే నాలుగు ముఖ్య ధమనులు ఈ మార్గంలోనే పైకి చేరుతాయి. మెదడు కాండం ఇక్కడి పెద్ద రంధ్రం దగ్గరనే వెన్నుపాముగా మారి కిందికి దిగుతుంది. నడుమ మెట్టు మధ్యలో ఉన్న చిన్న గుంటలో శనగగింజంత పీయూష గ్రంథి ఉంటుంది. శరీరంలోని అనేక గ్రంథులను ఇది శాసిస్తుంది. ఇంత చిన్న చోట ఇన్ని ప్రాణాధారాలు ఒకదానినొకటి ఒరుసుకొని ఉండటమే ఇక్కడి శస్త్రచికిత్సను కఠినతరం చేస్తున్నది.

ఈ ప్రాంతంలో పుట్టే కణితులు అనేకం. మెదడును చుట్టి ఉన్న పొరల నుండి పుట్టేది మెనింజియోమా. వినికిడికి, శరీరపు తూనికకు సంబంధించిన ఎనిమిదవ నాడి తొడుగు నుండి పుట్టేది ష్వానోమా. పీయూష గ్రంథిలో పుట్టేవి మరొక రకం. గర్భస్థ శిశువు వెన్ను ఏర్పడేటప్పుడు ఉండే కణజాలంలో మిగిలిపోయిన అంశం నుండి పుట్టేది కార్డోమా. కౌమార దశలోని బాలురలో ముక్కు వెనుక భాగాన కనిపించే రక్తనాళాల కణితిని ఆంజియోఫైబ్రోమా అంటారు. వీటిలో చాలావరకు క్యాన్సర్ కానివే. అయినా వాటిని నిరపాయకరమైనవని తోసిపుచ్చడానికి వీలులేదు. ఇరుకు గదిలో పెరుగుతున్న చెట్టు గోడలను నెట్టినట్లు, ఈ కణితులు పక్కనున్న నాడులను, ధమనులను, మెదడు కాండాన్ని నొక్కుతాయి.

ఇవి చాలావరకు మెల్లగా పెరుగుతాయి. ఎనిమిదవ నాడి కణితి సగటున ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగదు. మనిషి ఆ మార్పుకు తెలియకుండానే అలవాటుపడతాడు. ఒక చెవికి మాట సరిగా వినపడకపోతే ఫోనును రెండవ చెవికి మార్చుకుంటాడు. ఇరుపక్కల చూపు తగ్గితే తల తిప్పి చూడటం నేర్చుకుంటాడు. ఉంగరం బిగుతైనా, చెప్పులు పట్టకపోయినా ఒళ్లు చేసిందనుకుంటాడు. పీయూష గ్రంథి కణితి వల్ల పెరుగుదల హార్మోను అధికమైనప్పుడు పెద్దవారిలో చేతులు, పాదాలు పెరగడం ఒక లక్షణమని చాలామందికి తెలియదు. ముక్కు ఒకవైపే మూసుకొనిపోయి, అదే వైపు నుండి తరచుగా రక్తం కారుతున్న యువకుడు వేడి చేసిందని సరిపెట్టుకుంటాడు. ఒకటి రెండుగా కనిపించడం, ముఖంలో ఒక పక్క మొద్దుబారడం, వాసన తెలియకపోవడం, ఒక ముక్కురంధ్రం నుండి నీటివంటి ద్రవం కారుతూ ఉండటం కూడా గమనించవలసిన గుర్తులే.

ఈ లక్షణాలు ఉన్న ప్రతివారికీ కణితి ఉన్నట్లు కాదు. అత్యధికులలో కారణం మామూలుదే అయి ఉంటుంది. కాని ఒకే పక్కకు పరిమితమై, తగ్గక, రోజురోజుకు ముదిరే లక్షణాన్ని పరీక్షించకుండా విడిచిపెట్టరాదు. వినికిడి పరీక్ష, చూపు విస్తృతిని కొలిచే పరీక్ష అంత ఖరీదైనవి కావు. వాటిలో తేడా కనిపించినప్పుడు ఎం.ఆర్.ఐ. స్కాన్ కణితి మెత్తని భాగాలను, సి.టి. స్కాన్ ఎముకల స్థితిని చూపుతాయి. పీయూష గ్రంథి విషయంలో రక్తంలోని హార్మోన్లను కూడా కొలుస్తారు. ఆ గ్రంథిలో పుట్టే ప్రోలాక్టినోమా అనే కణితి చాలామందిలో మాత్రలతోనే కుంచించుకుపోతుంది. కనుక కణితి అనగానే కత్తి తప్పదని భయపడనవసరం లేదు.

శస్త్రచికిత్స ఈనాటి స్థితికి చేరడానికి నూరేళ్లకు పైగా పట్టింది. 20వ శతాబ్ది ఆరంభంలో ఎనిమిదవ నాడి కణితికి శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో ఎక్కువమంది బతికేవారు కాదు. అమెరికా వైద్యుడు హార్వీ కుషింగ్ కణితిని మొత్తంగా పెకలించే ప్రయత్నం మానుకున్నాడు. లోపలి గుజ్జును తొలిచి, పైపొరను అలాగే విడిచిపెట్టాడు. 1917లో ఈ కణితులపై ప్రసిద్ధమైన గ్రంథాన్ని ప్రచురించాడు. మరణాలు బాగా తగ్గాయి. కాని మిగిలిన పొర నుండి కణితి తిరిగి పెరిగేది. మరొక అమెరికా వైద్యుడు వాల్టర్ డాండీ ఈ పద్ధతిని అంగీకరించలేదు. కణితిని పూర్తిగా తొలగించే విధానాన్ని 1922లో ప్రకటించాడు. కణితి పోయేది, కాని దానికి అంటుకొని ఉన్న ముఖనాడి కూడా తరచుగా పోయేది. రోగి బతికి బయటపడినా అతని ముఖం ఒక పక్కకు వాలిపోయేది, కన్ను మూతపడేది కాదు. తక్కువ తీస్తే రోగం తిరగబెడుతుంది. ఎక్కువ తీస్తే మనిషి నష్టపోతాడు. ఈ ఇద్దరి మధ్య తలెత్తిన ప్రశ్న ఈ శాఖకు నేటికీ మూలప్రశ్నయే.

దానికి జవాబు క్రమంగా దొరికింది. 1960ల ఆరంభంలో లాస్ ఏంజలిస్‌కు చెందిన చెవి వైద్యుడు విలియం హౌస్ శస్త్రచికిత్సకు సూక్ష్మదర్శినిని వాడి, చెవి ఎముక గుండా కణితిని చేరుకున్నాడు. మెదడు శస్త్రవైద్యుడు విలియం హిట్సెల్‌బర్గర్ అతనికి తోడైనాడు. కంటికి దారంవలె కనిపించే ముఖనాడి సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనిపించడంతో దానిని కాపాడటం సాధ్యమైంది. 1971లో ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. స్కాన్, ఆ తరువాత వచ్చిన ఎం.ఆర్.ఐ. స్కాన్ కణితులను చిన్నవిగా ఉన్నప్పుడే చూపించసాగాయి. స్వీడన్ వైద్యుడు లార్స్ లెక్సెల్ కృషితో 1968లో గామా నైఫ్ అనే యంత్రం వచ్చింది. పేరులో కత్తి ఉన్నా దానితో కోత లేదు. దాదాపు 200 సన్నని కిరణాలను ఒకే బిందువుపై కేంద్రీకరించి చిన్న కణితుల పెరుగుదలను అది నిలుపుతుంది.

ముక్కు మార్గం కథ మరింత ఆసక్తికరమైనది. 1907లో ఆస్ట్రియా వైద్యుడు హెర్మన్ ష్లోఫర్ ముక్కు గుండా పీయూష గ్రంథి కణితిని చేరుకున్నాడు. కుషింగ్ ఈ మార్గంలో 200కు పైగా శస్త్రచికిత్సలు చేసి, తరువాత దానిని విడిచిపెట్టాడు. లోకమంతా అతనిని అనుసరించింది. అతని వద్ద నేర్చుకున్న ఎడిన్‌బరో వైద్యుడు నార్మన్ డాట్ మాత్రం ఆ విద్యను కాపాడుకున్నాడు. డాట్ నుండి పారిస్ వైద్యుడు జెరార్డ్ గియో, గియో నుండి మాంట్రియల్ వైద్యుడు జూల్స్ హార్డీ నేర్చుకున్నారు. 1960లలో హార్డీ దానికి సూక్ష్మదర్శినిని జోడించి మళ్లీ వ్యాప్తిలోకి తెచ్చాడు. గురుశిష్య పరంపర తెగి ఉంటే ఆ దారి మరుగునపడి ఉండేది. 1990లలో సన్నని గొట్టం కొసన వెలుగు, కెమెరా గల ఎండోస్కోపు ఈ దారిని ఇంకా విశాలం చేసింది.

ఈనాడు ఇటువంటి శస్త్రచికిత్సను ఒక్కరు చేయరు. మెదడు శస్త్రవైద్యుడు, చెవి ముక్కు గొంతు వైద్యుడు, మత్తు వైద్యుడు, కంటి వైద్యుడు, హార్మోన్ల నిపుణుడు, రేడియేషన్ నిపుణుడు కలిసి ఆలోచిస్తారు. ఎముకను తొలిచేటప్పుడు వజ్రపు పొడి పొదిగిన చిన్న ములికి వేగంగా తిరుగుతూ ఉంటుంది. వేడికి నాడులు దెబ్బతినకుండా నీటిని ధారగా వదులుతారు. నాడికి చేరువైనప్పుడు ఎముకను గుడ్డుపెంకంత పలుచగా చేసి, ఆ పెంకును మెల్లగా ఎత్తివేస్తారు. కణితిని ముందుగా లోపలినుండి తొలిచి బోలుగా చేస్తారు. ఆ తరువాత అంచులను లోపలికి మడుస్తూ నాడుల నుండి విడదీస్తారు. ముఖనాడి ఎక్కడున్నదో తెలుసుకోవడానికి స్వల్పమైన విద్యుత్తును తాకిస్తారు. ముఖకండరం స్పందించగానే యంత్రం ధ్వని చేస్తుంది. అది హద్దును తెలిపే హెచ్చరిక.

చివరి పని తెరచిన దారిని మూయడం. మెదడు చుట్టూ ఉన్న ద్రవం కారిపోతే మెనింజైటిస్ వచ్చే ప్రమాదం ఉన్నది. అందుకోసం తొడ నుండి తీసిన కొవ్వును, పొరను వాడుతారు. ముక్కు నడిమిగోడ పైపొరను రక్తప్రసరణ తెగకుండా తిప్పి అతికించే పద్ధతిని అర్జెంటీనా వైద్యులు రూపొందించారు. 2006లో అది ప్రచురితమైన తరువాత ముక్కు మార్గపు శస్త్రచికిత్సలలో ద్రవం కారడం బాగా తగ్గింది.

కణితి ముఖనాడికో ధమనికో గట్టిగా అతుక్కొని ఉంటే ఒక పలుచని పొరను కావాలనే విడిచిపెడతారు. ఇది అసమర్థత కాదు, ఆలోచించి చేసిన నిర్ణయం. ఆ మిగులును ఏటేటా స్కాన్ ద్వారా గమనిస్తారు. పెరిగితే కిరణాలతో అణచివేస్తారు. కుషింగ్ సంయమనం, డాండీ సాహసం ఈ విధంగా ఒకే చికిత్సలో కలిసిపోయాయి. అయితే కార్డోమా వంటి కణితులలో సాధ్యమైనంత ఎక్కువ తీసివేయడమే మేలు. ఏది ఎంత తీయాలన్నది కణితి స్వభావాన్ని బట్టి నిర్ణయమవుతుంది.

భారతదేశంలో మెదడు శస్త్రచికిత్సకు 1949లో వెల్లూరులో జేకబ్ చాందీ, 1950లో మద్రాసులో బి. రామమూర్తి పునాది వేశారు. ఆళ్లగడ్డ నుండి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైంది. 2023 సెప్టెంబరులో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. కఠినమైన శస్త్రచికిత్స కోసం రోగి కర్నూలు, తిరుపతి, హైదరాబాదు, వెల్లూరు, బెంగళూరు వంటి నగరాలకు వెళ్లవలసి రావచ్చు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం ఇటువంటి ఖరీదైన చికిత్సలను పేద కుటుంబాలకు చేరువ చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అనే పేరుతో నడుస్తున్నది.

అయినా చికిత్సలో మొదటి మెట్టు పెద్ద నగరంలో లేదు. అది సొంత ఊరిలోనే ఉన్నది. తాతకు ఒక చెవి వినపడటం లేదని గమనించిన మనుమరాలు, తమ్మునికి పదేపదే ఒకే ముక్కు నుండి రక్తం వస్తున్నదని గుర్తించిన అన్న, వయసు ప్రభావమని పంపివేయక పరీక్ష రాసిన వైద్యుడు – చికిత్స వీరితో మొదలవుతుంది. కణితి చిన్నగా ఉన్నప్పుడు తొలగించవలసినది తక్కువ, కాపాడగలిగినది ఎక్కువ. పెరిగిపోయిన తరువాత ఎంతటి నిపుణుడైనా ప్రాణానికి, చూపుకు, చిరునవ్వుకు మధ్య ఎంపిక చేయవలసి వస్తుంది. ఆ కఠినమైన ఎంపికను తప్పించగల శక్తి సకాలంలో చూపిన శ్రద్ధకే ఉన్నది.

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కపాల మూల శస్త్రచికిత్స కఠినమైనది కావడానికి కారణాలను వివరించండి.
2. కుషింగ్, డాండీ అనుసరించిన పద్ధతులను పోల్చి, అవి నేటి చికిత్సలో ఏ విధంగా కలిశాయో రాయండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కపాల మూల కణితులను ఆలస్యంగా గుర్తించడానికి కారణమేమి?
2. ముక్కు మార్గపు శస్త్రచికిత్స మరుగునపడకుండా ఏ విధంగా నిలిచింది?
3. కణితిలో కొంత భాగాన్ని కావాలనే విడిచిపెట్టడం ఎప్పుడు సమంజసం?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పీయూష గ్రంథి ఎక్కడ ఉన్నది?
2. మాత్రలతో కుంచించుకుపోయే కణితి ఏది?
3. నంద్యాల ఎప్పుడు జిల్లా కేంద్రమైంది?

ఈ. భాషాంశాలు
1. 'శస్త్రచికిత్స', 'కపాల మూలం', 'ముఖనాడి' – ఈ సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాస నామాలు తెలపండి.
2. 'ప్రాణాధారం', 'రక్తనాళం', 'సంయమనం' – ఈ పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.