పట్టణాల పొగలెక్క - మన మగ్గపు లెక్క



తోరణగల్లు జంక్షనులో రైలు దిగినవారికి మొదట కనబడేవి మగ్గాలు కావు, ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలు. 1971లో శ్రీమతి ఇందిరాగాంధీ ఇచ్చట ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసినారు. ఆ తరువాత చాల ఏండ్లు పని సాగలేదు. 1994లో జిందాల్ వారు కంపెనీ పెట్టిన పిమ్మట కొలుములు వెలిగినవి. నేడు అది దేశములోని మిక్కిలి పెద్ద ఉక్కు కర్మాగారాలలో ఒకటి.

బళ్ళారికి, హోసపేటకు నడుమ ఉన్న ఈ ఊళ్ళో కన్నడము, తెలుగు రెండును వినబడును. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో చేరినవి. బళ్ళారి జిల్లాలోని తక్కిన తాలూకాలు మైసూరు రాష్ట్రమునకు వచ్చినవి. సరిహద్దు గీత పడినా నూలు బేరము, అద్దకపు పని, పెండ్లి సంబంధాలు మాత్రము రెండు వైపులా సాగుచునే ఉన్నవి.

అటువంటి ఊరి నుంచి ఈ పాఠము వ్రాయుచున్నాము. "పట్టణాలన్నీ వాతావరణ సమతుల్యము సాధించవలెనని పేపర్లలో చదువుచున్నాము. అది పెద్ద నగరాల వారి మాట గదా, మగ్గము ముందు కూర్చున్న మనకు దానితో ఏమి పని?" అని మనవారు అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానము చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

సమతుల్యము అనగా ఏమి?

ఇది జమాఖర్చుల పుస్తకము వంటిది. బొగ్గు, పెట్రోలు, డీజిలు, కట్టెలు మండినప్పుడు బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరును. ఆ వాయువు ఎండ వేడిమిని భూమి మీదనే పట్టి ఉంచును. చెట్లు, నేల, సముద్రము కొంత తిరిగి తీసికొనును. ఒక ఊరు గాలిలోకి వదలునది, తిరిగి తీయించునది సరిసమానమైనప్పుడు ఆ ఊరు సమతుల్యము సాధించినదని అందురు. మొదట వదలుటను వీలైనంత తగ్గించవలెను. ఏ విధముగాను తగ్గించలేని మిగులును మాత్రమే తిరిగి తీయించు మార్గము చూడవలెను. ఈ వరుస తప్పిన లెక్క దొంగలెక్క.

భారతదేశము 2070 నాటికి ఈ స్థితికి చేరుదుమని 2021లో గ్లాస్గో సభలో ప్రకటించినది. మా ఊరి ఉక్కు కంపెనీవారు తమ వరకు 2050 అని గడువు పెట్టుకొన్నారు. ఉక్కు విషయములో ఇది తేలిక పని కాదు. ఇనుప ఖనిజములోని ప్రాణవాయువును లాగివేయుటకు ఎక్కువగా బొగ్గునే వాడుచున్నారు. అనగా బొగ్గు అక్కడ వంటచెరకు మాత్రమే కాదు, వంటలోని దినుసు కూడా. ఒక టన్ను ఉక్కుకు సుమారు రెండు టన్నులు, లేక అంతకు మించి, బొగ్గుపులుసు వాయువు వెలువడును. ఐరోపావారు తమ దేశాలకు వచ్చు ఉక్కునకు 2023 అక్టోబరు నుంచి ఈ పొగలెక్క చూపమన్నారు. 2026 జనవరి నుంచి దానికి సొమ్ము కూడా కట్టవలసి ఉన్నది. నేడు ఉక్కును అడిగినవారు రేపు గుడ్డను అడుగరని చెప్పలేము.

నేర్చుకొనుట మనకు కొత్త కాదు

ఒక ఊరు మరొక ఊరి నుంచి విద్య తెచ్చుకొనుట మన వృత్తిలో పాత మర్యాదయే. చీరాలలో నూనె పట్టించిన నూలుతో తేలియా రుమాళ్ళు నేసెడివారు. 1915 ప్రాంతములో ఆ చిటికి కట్టు విద్య పోచంపల్లికి చేరినది. పోచంపల్లివారు రుమాలుతో ఆగలేదు. ఆ కట్టును చీరకు, పిమ్మట పట్టుకు తెచ్చి, తమ ఊరి పేరే ఆ నేతకు పేరగునట్లు చేసినారు. విద్యను తీసికొన్నారు, నమూనాను తమ చేతికి తగినట్లు మార్చుకొన్నారు.

పట్టణాలు నేడు చేయుచున్నదియు ఇదే. ఐరోపా వారు 2022లో 112 నగరాలను ఎంపిక చేసి, 2030 నాటికి సమతుల్యము సాధించవలెనని పూనుకొన్నారు. ముందున్న నగరము పక్కన వెనుకనున్న నగరమును జతపరచి, ఒకరి అనుభవము మరొకరికి చేరునట్లు ఏర్పాటు చేసినారు. అయితే పాఠముల కొరకు మనము అంతదూరము పోనక్కరలేదు. మన చేతికందు దూరములోనే ఉన్నవి.

విశాఖ దీపాలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును చీకటి చేసినది. పడిపోయిన వీధిదీపాల స్థానములో పాత దీపాలనే మరల పెట్టక, 2015లో 90 వేలకు పైగా ఎల్.ఇ.డి. దీపాలు అమర్చినారు. ఇందులో మనము గమనించవలసినది దీపము కాదు, సొమ్ము నడిచిన తీరు. దీపాల ఖర్చు ప్రభుత్వ రంగ సంస్థయైన ఇ.ఇ.ఎస్.ఎల్. ముందు పెట్టుకొన్నది. కరెంటు బిల్లులో మిగిలిన సొమ్ము నుంచి నగరపాలక సంస్థ ఏటేటా తీర్చుటకు ఒప్పందము. ఆ పిమ్మట అనేక పట్టణాలు ఈ పద్ధతినే అనుసరించినవి.

మన సంఘాలు నూలు అప్పుగా ఇచ్చి గుడ్డలో జమ కట్టుకొను పద్ధతి ఇదే కదా! సంఘము టోకున దీపాలు కొని ఇంటింటికి ఇచ్చి, మిగిలిన బిల్లు నుంచి నెలనెలా కొద్దికొద్దిగా వసూలు చేయవచ్చును. చేతిలో ఒకేసారి డబ్బు లేని కుటుంబమునకు ఇదే దారి.

అహమ్మదాబాదు నుంచి హైదరాబాదుకు

2010 మే నెలలో అహమ్మదాబాదులో ఎండలు మండిపోయినవి. ఆ ఒక్క నెలలో మామూలు కంటె 1,344 మరణాలు ఎక్కువగా సంభవించినవని తరువాత లెక్క తేలినది. ఆ నగరమువారు 2013లో వడగాలుల ప్రణాళిక వేసికొన్నారు. ముందుగా హెచ్చరిక, ఆసుపత్రులలో సిద్ధము, నీటి ఏర్పాటు అందులోని అంశములు. పిమ్మట బీదల ఇండ్ల కప్పులకు తెల్లసున్నము వేయించు పని కూడా చేపట్టినారు. తెల్లని కప్పు ఎండను తిరుగగొట్టును. నల్లని కప్పు తాగును. సూత్రము ఇంతే.

దానిని చూచి 2017లో హైదరాబాదులో ఒక బస్తీలో 25 ఇండ్ల కప్పులపై ఎండను తిరుగగొట్టు తెల్లని పొర వేసి పరీక్షించినారు. ఇంటి లోపలి వేడి సుమారు రెండు డిగ్రీలు తగ్గినది. 2023 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానము ప్రకటించి, ఐదేండ్లలో 300 చదరపు కిలోమీటర్ల మేర అట్టి కప్పులు ఉండవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. చల్లని కప్పు క్రింద ఫ్యాను, ఏ.సి. తక్కువ తిరుగును, కరెంటు తగ్గును, ఆ మేరకు బొగ్గు మండుట తగ్గును.

ఈ పాఠము నగరముల కంటె మనకే ఎక్కువ అవసరము. గుంట మగ్గమునకు నేల చెమ్మ ప్రాణము. పైన రేకు మండినచో ఆ చెమ్మ నిలువదు. పడుగు ఎండి పోగులు తెగును. తెగిన ప్రతి పోగును అతుకుటకు పని ఆగును. మధ్యాహ్నము రెండు మూడు గంటలు మగ్గము దిగవలసి వచ్చిన ఇంట వారము కూలిలో ఎంత కోత పడునో మీకు చెప్పనక్కరలేదు. గర్భిణులు, ముసలివారు, కండెలు చుట్టు పిల్లలు ఆ వేడిలోనే ఉందురు.

ఒక్క మాట మరువరాదు. మా ప్రాంతపు పెద్దలు మిద్దెల మీద చౌడుమన్ను మందముగా పరచి, వానలకు ముందు ఏటేటా కొత్త చౌడు వేసెడివారు. వేసవిలో ఆ మిద్దెల క్రింద హాయిగా ఉండెడిది. ఆ శ్రమ తప్పునని రేకులు వేసికొన్నాము, చల్లదనము పోగొట్టుకొన్నాము. హైదరాబాదు నుంచి మనము నేర్చుకొనునది ఒక విధముగా మన తాతల విద్యయే.

తిరుపూరు హెచ్చరిక

అద్దకపు నీటివల్ల నొయ్యల్ నది చెడిపోయినదని 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుపూరులోని అద్దకపు కర్మాగారాలను మూయించినది. ఆ పిమ్మట ఒక్క చుక్క రంగునీరు కూడా బయట పోనీయక, శుద్ధిచేసి తిరిగి వాడుకొను పద్ధతికి ఆ ఊరు మారవలసి వచ్చినది. నీరు బాగుపడుటకు ఇది గొప్ప మేలు. కాని ఉప్పు నీటిని మరిగించి ఆవిరి చేయుటకు కట్టెలు, కరెంటు విస్తారముగా కావలెను. అనగా నీటి లెక్కలో జమ అయినది పొగలెక్కలో కొంత ఖర్చు అయినది.

కాబట్టి ఒక పుస్తకము మాత్రమే చూచి సంతోషించరాదు. రంగునీరు మొదటనే తక్కువ పుట్టునట్లు చూచుకొనుట అన్నింటికంటె మేలు. లేతరంగు అద్దిన పిమ్మట ముదురు రంగు అద్దుట, కడుగు నీటిని మరుసటి తొట్టికి వాడుట, కాగుకు మూత పెట్టుట - ఇవి మన రంగుల ఇండ్లలో తెలిసిన పనులే, సోమరితనమున మానినవి.

కోపెన్‌హాగెన్ ఒప్పుకోలు

డెన్మార్కు దేశపు కోపెన్‌హాగెన్ నగరము 2025 నాటికి సమతుల్యము సాధించుదునని 2012లో ప్రణాళిక వేసినది. 2022లో ఆ గడువు అందుకొనలేమని బాహాటముగా ఒప్పుకొన్నది. చెత్తను కాల్చు కర్మాగారమునుంచి బొగ్గుపులుసు వాయువును పట్టి దాచు యంత్రము వచ్చునని ముందే లెక్కలో వేసికొన్నారు. దానికి కావలసిన సొమ్ము రాలేదు. రాని సొమ్మును జమ కట్టుకొన్న షావుకారు గతి పట్టినది. అయినను దాచక చెప్పినారు గనుక ఇతర నగరములకు అది పాఠమైనది. గెలిచిన కథ ఎంత ఉపయోగమో, తప్పిన కథయు అంతే ఉపయోగము.

మన ఇంటి లెక్క

చేతిమగ్గమునకు కరెంటు అక్కరలేదు గనుక మనది నిష్కళంకమైన వృత్తి అని కొందరు చెప్పుదురు. అది సగము నిజము. నూలు మిల్లులో వడికినది. పట్టు జిగురు తీయుటకు, రంగు అద్దుటకు నీళ్ళు కాగవలెను. సరుకు లారీ ఎక్కవలెను. 2025లో కేంద్ర జౌళి శాఖ, ఢిల్లీ ఐ.ఐ.టి. కలిసి చేనేత పొగలెక్క వేయు పద్ధతులను గూర్చి ఒక పుస్తకము వెలువరించినవి. లెక్క మనకు అనుకూలముగనే ఉండవచ్చును. కాని లెక్క చూపినవానికే ఆ అనుకూలము దక్కును.

ఒక ఉదాహరణ చూతము. చోకుతో కూడిన పాత ట్యూబులైటు సుమారు 50 వాట్లు తినును, ఎల్.ఇ.డి. ట్యూబు 20 వాట్లు. రోజుకు 8 గంటల చొప్పున 300 రోజులు వెలిగిన, ఒక్కొక్క దీపమునకు 72 యూనిట్లు మిగులును. మన దేశములో ఒక యూనిటు కరెంటునకు సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడును. అనగా దీపమునకు 50 కిలోలు. నూరు ఇండ్ల సంఘములో ఇంటికి రెండు దీపాలు మార్చిన ఏటికి 14,400 యూనిట్లు, సుమారు 10 టన్నుల వాయువు మిగులును.

ఇప్పుడు నిజము చెప్పుకొందము. ఆ పది టన్నులు నాలుగైదు టన్నుల ఉక్కు తయారీలో వెలువడునంత మాత్రమే. నూరు కుటుంబాలు ఏడాది చేసిన పొదుపు పెద్ద కొలిమి ముందు నిలువదు. కావున భారమంతయు చిన్నవారి నెత్తిన వేయుట అన్యాయము. పెద్ద కర్మాగారాలు, విద్యుత్ కేంద్రాలు, ప్రభుత్వాలు తమ లెక్క తాము తగ్గించవలసినదే. మనము చేయునది లోకమును ఒక్కరమే రక్షించుటకు కాదు. బిల్లు తగ్గుటకు, మగ్గపు గది చల్లబడుటకు, రేపు కొనుగోలుదారు అడిగిన కాగితము మన చేతిలో ఉండుటకు. తన లెక్క చూపినవాడు ఎదుటివాని లెక్క అడుగవచ్చును.

ఈ వేసవికి ముందు చేయవలసినవి

1. శివరాత్రి దాటగానే మగ్గపు గది కప్పుకు సున్నము రెండు పూతలు వేయవలెను. వానకు కొట్టుకొని పోవును గనుక ఏటేటా వేయవలెను. ఆస్‌బెస్టాస్ రేకులను గీకరాదు. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు.

2. రెండు ఇండ్లలో, ఒకటి సున్నము వేసినది, ఒకటి వేయనిది, మధ్యాహ్నము రెండు గంటలకు వేడి కొలిచి పుస్తకములో వ్రాయవలెను. తెగిన పోగులను కూడా లెక్కించవలెను.

3. సంఘము పేర దీపాలు టోకున కొని, వాయిదాలలో వసూలు చేయవలెను.

4. సొంత మిద్దె ఉన్నవారు సూర్యవిద్యుత్తు పలకలను గూర్చి ఆలోచించవచ్చును. 2024లో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకములో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడు కిలోవాట్లు, ఆ పైన 78,000 రూపాయలు సబ్సిడీగా నిర్ణయించినారు. ఒక కిలోవాటు పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇచ్చును.

5. రంగుల ఇంట కట్టెలు, నీరు ఎంత ఖర్చగుచున్నవో నెలకొకసారి వ్రాసి ఉంచవలెను.

సంఘ సమావేశములో చర్చించుటకు ప్రశ్నలు

1. పోచంపల్లివారు చీరాల నుంచి ఏమి తీసికొన్నారు? ఏమి మార్చుకొన్నారు?

2. విశాఖ దీపాల సొమ్ము నడిచిన తీరు మన సంఘ నిబంధనలకు సరిపడునా?

3. కోపెన్‌హాగెన్ వలె రాని సొమ్మును మన లెక్కలలో ఎక్కడైనా జమ కట్టుకొన్నామా?

ఏ ఊరి సంఘమైనను పైవాటిలో ఒక్కటి చేసి చూచినచో, ఫలితము బాగుండినను బాగుండకపోయినను, అంకెలతో సహా మాకు వ్రాసి పంప ప్రార్థన. రాయదుర్గములోని లెక్క తోరణగల్లుకు, తోరణగల్లులోని లెక్క ధర్మవరమునకు పనికివచ్చును. వచ్చిన జాబులను ఈ పుటలలోనే ప్రకటింతుము.