సొరచేప మనకు శత్రువా?

ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా చీలి సముద్రానికి పోతుంది. వరదల కాలంలో పులస ఆ సముద్రం నుంచే ఎదురీదుకుంటూ వస్తుంది. సొరచేపలు ఉండేదీ ఆ సముద్రంలోనే.

సొర పేరు చెబితే అందరికీ భయం. బాలింతకు మాత్రం పాలసొర వండి పెడతారు. పాలు పడతాయని పెద్దల మాట.

సొర మనుషుల్ని తింటుందా? ప్రపంచమంతా కలిపినా సొర కరిచేది ఏడాదికి వంద మందిని కూడా కాదు. మనుషులు పట్టే సొరలు మాత్రం ఏటా కోట్లు!

పులస లక్షల గుడ్లు పెడుతుంది. పాలసొర అలా కాదు. నెలల తరబడి కడుపులో మోసి నాలుగైదు పిల్లల్నే కంటుంది. చూలు సొర వలలో పడితే తల్లీ పోయె, పిల్లలూ పోయె.

సొరల్లో అన్నిటికన్నా పెద్దది తిమింగల సొర. అది నీటిలోని సన్నని పురుగులను, చిన్న చేపలను తింటుంది. 2001 నుంచి దాన్ని పట్టడం నేరం. 2022లో విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకు ఒకటి వచ్చి చిక్కుకుంది. జాలర్లు, అటవీశాఖవారు కలిసి దాన్ని ప్రాణంతో సముద్రంలోకి పంపారు.

సొరను తినడం మానమని కాదు. మూరెడైనా లేని సొరపిల్లను కొనకండి. కొనేవాళ్లు తగ్గితే పట్టేవాళ్లూ తగ్గుతారు. రేపు మన కోడలు బాలింతైతే పాలసొర దొరకాలి కదా!

ఆలోచించండి: మీ ఊరి బజారులో ఎంత పొడవు సొరలు అమ్ముతున్నారు?