అంకె కన్నా ముందు వేళ్లను చూడండి

కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లలు ఈమధ్య ఒక కొత్త పందెం వేసుకుంటున్నారు. మంకీటైప్ లాంటి సైటు తెరిచి నిమిషానికి ఎన్ని పదాలు కొట్టగలరో చూసుకుంటారు. వచ్చిన అంకెను స్నేహితులకు పంపుతారు. అవతలివాడు యాభై అంటే వీడు అరవై అనాలి. వాళ్లలో వాళ్లు ఆడుకున్నంతసేపు అది మంచి ఆటే. అందులోకి మనం దిగి, "పెదనాన్న కొడుక్కి అరవై వస్తోందట, నీకు ముప్పయ్యేనా?" అన్నామంటే అది మరో ర్యాంకుల పట్టిక అయిపోతుంది. మన పిల్లల మెడకు అలాంటి పట్టికలు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

ఆ అంకె ఎలా వస్తుందో తెలిస్తే పోల్చాలన్న తొందర సగం తగ్గుతుంది. ఈ పరీక్షల్లో ఖాళీతో సహా ఐదు నొక్కులను ఒక పదంగా లెక్కిస్తారు. అంటే నిమిషానికి 200 నొక్కులు పడితే వేగం 40. పైగా చాలా సైట్లలో మొదట కనిపించే పరీక్షలో ఉండేవి తేలికైన చిన్న చిన్న ఇంగ్లీషు మాటలే. పెద్దక్షరాలు, కామాలు, అంకెలు ఉండవు. పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టి కొడితే వచ్చే వేగం ఒకటి, ఐదు నిమిషాలు అసలైన పేరా కొడితే వచ్చేది వేరొకటి. అన్నయ్య పదిహేను సెకన్లలో తెచ్చుకున్న 60నీ, చెల్లెలు ఐదు నిమిషాల పేరాలో తెచ్చుకున్న 38నీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం ఆ పిల్లకు అన్యాయం. పోల్చక తప్పదనుకుంటే ఆ పిల్లనే నెల కిందటి తనతో పోల్చండి. అదీ అదే కీబోర్డు మీద, అదే నిడివిలో, అదే రకం పేరాతో.

ఇంకో అంకె ఉంది. వేగం పక్కనే చిన్నగా కనిపిస్తుంది, తప్పులు లేకుండా ఎంత శాతం కొట్టారన్నది. 95 అని చూడగానే మనకు 95 మార్కులు గుర్తొచ్చి సంతోషిస్తాం. లెక్క వేసి చూడండి. ఇరవై నొక్కుల్లో ఒకటి తప్పు, అంటే దాదాపు నాలుగు పదాలకో తప్పు. దాన్ని చెరపడానికి ఒక నొక్కు, మళ్లీ కొట్టడానికి ఇంకో నొక్కు, ఈలోగా తెగిపోయిన ఆలోచన. 98 శాతానికి వస్తే పది పదాలకో తప్పు. ఎనిమిదో తరగతి పిల్ల 98 శాతంతో 25 కొడుతుంటే, 90 శాతంతో 45 కొట్టే పిల్లవాడి కన్నా ఆమె మంచి దారిలో ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఇంతకీ ఆ 25 మరీ తక్కువేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీహెచ్‌ఎస్‌ఎల్ టైపింగ్ పరీక్షలో పెద్దవాళ్లను అడిగేదే ఇంగ్లీషులో 35, అంటే గంటకు 10,500 నొక్కులు.

మీలో కొందరు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసైనవారు ఉంటారు. 'ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్' అన్న మొదటి పాఠం మీ వేళ్లకు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. ఆరు వేళ్లతో తోచినట్టు కొడుతున్న కొడుకును చూస్తే మీకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ పద్ధతి ఊరికే పుట్టలేదు. పాత మిషను మీద చిటికెన వేలితో గట్టిగా కొట్టకపోతే అక్షరం వెలవెలబోయేది, లయ తప్పితే కడ్డీలు ఒకదానికొకటి తగులుకునేవి, తప్పు పడితే కాగితం పాడయ్యేది. ఇప్పటి కీబోర్డుకు ఆ బాధలు లేవు. ఫిన్లండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ముప్పై మంది వేళ్ల కదలికలను కెమెరాలతో కొలిచారు. పది వేళ్లూ వాడనివారిలోనూ వేగంగా కొట్టేవారు కనిపించారు. ఒక మీటకు ఎప్పుడూ ఒకే వేలు వెళ్లడం, చేతులు అటూ ఇటూ ఎగరకుండా నిలకడగా ఉండడం, తర్వాతి మీట మీదికి వేలు ముందే చేరుకోవడం, ఇవే వేగానికి మూలమని తేలింది. పది వేళ్ల పద్ధతి నేర్వనివారు మాత్రం కీబోర్డు వైపు ఎక్కువగా చూస్తున్నారు. అదే విశ్వవిద్యాలయం కేంబ్రిడ్జితో కలిసి 2018లో 1,68,000 మంది నొక్కులను పరిశీలిస్తే సగటు వేగం 52గా వచ్చింది. వేగంగా కొట్టేవారు తప్పులు తక్కువ చేస్తున్నారనీ కనబడింది.

అందుకని ఈ వారం ఒక పని చేయండి. పిల్లల పక్కన కూర్చుని తెరను చూడకుండా వాళ్ల చేతులనే కాసేపు గమనించండి. 'ఇ' మీటకు ఒకసారి చూపుడు వేలు, ఒకసారి మధ్యవేలు పోతోందా? పదం పదానికీ తల కిందికి వంగుతోందా? ఒక చేయి పని చేస్తుంటే రెండోది గాల్లో వేలాడుతోందా? ఇవేవీ లేకుండా ఏడెనిమిది వేళ్లతో హాయిగా కొట్టుకుపోతున్న పదహారేళ్ల అబ్బాయిని మళ్లీ మొదటి పాఠానికి లాక్కురానక్కర్లేదు. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన తొమ్మిది పదేళ్ల పిల్లకైతే పద్ధతిగా నేర్పించడమే మేలు. కళ్లు మూసుకుని 'ఎఫ్', 'జె' మీటల మీది చిన్న గీతలను చూపుడు వేళ్లతో వెతకమనండి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఆదివారం కూర్చోబెట్టి రెండు గంటలు చేయించే సాధన వేళ్లకు పట్టదు.

నేర్పేటప్పుడు ఒక గడ్డు దశ వస్తుంది. దానికి మీరు ముందే సిద్ధపడాలి. రెండు వేళ్లతో 35 కొడుతున్న పిల్ల పది వేళ్లకు మారగానే 12కో 15కో పడిపోతుంది. కొన్ని వారాలు అక్కడే ఉండొచ్చు. ఇంతకు ముందు తేలిగ్గా చేసిన పనిలో తనకు తానే మొద్దులా కనిపించే రోజులవి. ఆ సమయంలో "ఇంకా పదిహేనేనా?" అన్నారంటే, మీరు గది దాటగానే పాత రెండు వేళ్లూ మళ్లీ బయటికి వస్తాయి, వాటితోపాటు కొద్దిగా అబద్ధం కూడా. ఆ వారాల్లో పరీక్షలే పెట్టకండి. స్కూలు ప్రాజెక్టు తొందరలో ఉంటే దాన్ని పాత పద్ధతిలోనే కొట్టుకోనివ్వండి, సాధన మాత్రం కొత్త పద్ధతిలో. "ఇవాళ కిందికి చూడకుండా రెండు లైన్లు కొట్టావు, నేను చూశాను" అన్న మాట ఆ పిల్లకు ఎంత బలమో చెప్పలేను. అలా అనాలంటే మీరు నిజంగా చూసి ఉండాలి.

ఫోన్ విషయంలో మనం పిల్లలకు పాఠాలు చెప్పే స్థితిలో లేము. 37,000 మందికి పైగా పాల్గొన్న 2019 నాటి అధ్యయనంలో, పది నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లు ఫోన్ మీద నలభైల్లో ఉన్నవారి కన్నా నిమిషానికి సుమారు పది పదాలు ఎక్కువ కొట్టారు. అయితే రెండు బొటనవేళ్ల నేర్పు పెద్ద కీబోర్డుకు దానంతట అది రాదు. వాట్సాప్‌లో మెరుపులా కొట్టే పిల్లవాడు ల్యాప్‌టాప్ దగ్గర తడబడితే అది బద్ధకం కాదు.

కొత్త కీబోర్డు కొనిపెట్టమని అడిగితే తొందరపడకండి. టకటకమనే మెకానికల్ కీబోర్డు వాడటానికి బాగుంటుంది, మన్నిక కూడా ఎక్కువే. అంతేగాని వేళ్లకు లేని అలవాటును అది తెచ్చివ్వదు. ఆ డబ్బులో కొంత కుర్చీ మీద పెట్టడం మేలు. పెద్దల కుర్చీలో కూర్చున్న పిల్లల కాళ్లు నేలకు అందవు, మోచేతులు బల్ల కన్నా కిందికి ఉంటాయి, దాంతో మణికట్లు పైకి వంగుతాయి. కింద ఒక దిండు, కాళ్లకు ఒక పీట వేస్తే సరిపోతుంది. మంచం మీద బోర్లా పడుకుని కొట్టడం మాత్రం మాన్పించండి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయనో మణికట్టు లాగుతోందనో అంటే ఆ రోజుకు ఆపించండి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

తెలుగు టైపింగ్‌ను కూడా ఇదే వయసులో మొదలుపెట్టించమని నా కోరిక. విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉచితంగానే ఉంటుంది. గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లులు చాలా వరకు కుడి చేతికి వస్తాయి కాబట్టి రెండు చేతులూ వంతులవారీగా కదులుతాయి. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చుకునే పద్ధతి అలవాటైతే అదైనా సరే. ఏదైనా ఇంగ్లీషు వేగంతో మాత్రం పోల్చకండి. ఇన్‌స్క్రిప్ట్‌లో 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి ఆరు నొక్కులు కావాలి. పైగా మన మాటలు పొడవు, 'వెళ్లలేకపోయానన్నాడు' అంతా కలిపి ఒకే మాట. పన్నెండేళ్ల పిల్ల తెలుగులో నిమిషానికి ఎనిమిది మాటలు తప్పు లేకుండా కొట్టిందంటే మెచ్చుకోండి. మరుసటి రోజు ఇంట్లో సరుకుల జాబితా ఆమె చేతే తెలుగులో కొట్టించండి. వత్తులూ గుణింతాలూ అన్నీ అందులోనే వస్తాయి.