దిగి రానివాళ్ల జాబితా

మా పై అంతస్తు అమ్మాయి మొన్న సాయంత్రం ఒక దరఖాస్తు పట్టుకుని వచ్చింది. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. తెల్లవారకుండానే బస్సెక్కి దుబాయ్ అకడమిక్ సిటీకి పోయి, చీకటి పడ్డాక అల్ నహ్దా చేరే పిల్ల. పై చదువుకు స్కాలర్‌షిప్ కోసం ఆ దరఖాస్తు. అందులో మూడు గళ్లున్నాయి: చదువులో సాధించినవి, క్యాంపస్‌లో నాయకత్వం, సమాజ సేవ.

"మొదటిది మార్కులే కాబట్టి అయిపోయింది ఆంటీ. మిగతా రెండూ చదివితే నాకే నిద్రొస్తోంది," అంది.

చదివాను. నిజమే. క్లాస్ రిప్రజెంటేటివ్, కోడింగ్ క్లబ్ కార్యదర్శి, టెక్ ఫెస్ట్ కమిటీ సభ్యురాలు, అరవై గంటల వలంటీర్ పని. ఒక్కటీ అబద్ధం కాదు. అయినా ఆ కాగితం మీద పదవులున్నాయి, గంటలున్నాయి, మా అమ్మాయి మాత్రం లేదు.

"ఏప్రిల్ వానల సంగతి రాయలేదేం?" అన్నాను.

"అదా! అది నాయకత్వం ఎలా అవుతుంది ఆంటీ? నాకప్పుడు పోస్టేం లేదుగా."

ఈ వ్యాసం రాయించింది ఆ ఒక్క మాటే.

నీళ్లు నిలిచిన రోజులు

అల్ నహ్దా సంగతి తెలియనివాళ్లకు ఒక్క మాట. ఈ పేటలో సగం దుబాయ్, సగం షార్జా. రోడ్డు దాటితే ఎమిరేట్ మారిపోతుంది. ఉద్యోగాలు అటు, చాలామందికి ఇల్లు ఇటు. మాదీ ఇటే, షార్జా వైపు. ఒక్కో బిల్డింగ్‌లో ఒక చిన్న ఊరంత జనం. కానీ ఊళ్లో ఎవరింట్లో ఎవరున్నారో అందరికీ తెలుస్తుంది. ఇక్కడ లిఫ్టులో మూడేళ్లు కలిసి ఎక్కి దిగినా పేరు తెలియదు.

2024 ఏప్రిల్ 16న పడిన వాన ఈ దేశపు 75 ఏళ్ల రికార్డుల్లో లేదు. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల్లోపే 254 మిల్లీమీటర్లు కురిసింది. వానే అరుదైన చోట అంత నీరు ఎటు పోవాలో దానికే తెలియలేదు. షార్జాలో పల్లపు వీధుల్లో రోజుల తరబడి నిలిచిపోయింది. మా కరెంటు పోయింది, లిఫ్టులు ఆగిపోయాయి. ముక్కూ మొహం తెలియని కుర్రాళ్లు మోకాలి లోతు నీళ్లలో మంచినీళ్ల పెట్టెలు, బిర్యానీ పొట్లాలు తెచ్చి మా మెట్ల దగ్గర పెట్టి వెళ్లేవారు. దిగినవాళ్లు తీసుకునేవారు. అంతా సవ్యంగా జరుగుతున్నట్టే ఉంది.

రెండో రోజు పొద్దున ఈ అమ్మాయి మెట్ల మీద నిలబడి ఒక ప్రశ్న వేసింది: "నిన్నటి నుంచి ఎవరు దిగి రాలేదు?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. నోట్‌బుక్ తీసుకుని, ఫోన్ లైటు వెలుగులో చీకటి మెట్లెక్కి, ప్రతి తలుపూ తట్టింది. అంతస్తు, ఫ్లాట్ నంబరు, ఎవరున్నారు, ఏం కావాలి అని నాలుగు గీతలు గీసింది. విజిట్ వీసా మీద కొడుకు దగ్గరికొచ్చిన ముసలి దంపతులు, భాష రాక తలుపు తీయలేదు. ఒకరి ఇన్సులిన్ కరెంటు లేని ఫ్రిజ్‌లో ఉంది. ఒక ఇంట్లో పచ్చి బాలింత. నైట్ డ్యూటీకి వెళ్లిన భార్య ఆసుపత్రిలోనే చిక్కుకుపోతే, ఇద్దరు పసివాళ్లతో ఒక తండ్రి. మధ్యాహ్నానికి జాబితా తయారైంది. షేరింగ్ రూముల బ్యాచిలర్ కుర్రాళ్లు అంతస్తులు పంచుకున్నారు. ఆ అమ్మాయి ఒక్క నీళ్ల పెట్టె కూడా మొయ్యలేదు. కానీ ఆ మధ్యాహ్నం తర్వాత నీళ్లు అందని గడప మా బిల్డింగ్‌లో లేదు.

పదవి లేదు, బ్యాడ్జీ లేదు. వచ్చినవాళ్లకు పంచడం దగ్గర అందరం ఆగిపోతే, రానివాళ్లు ఎవరని అడిగింది తనొక్కతే.

కాకినాడలో ఒక పిల్ల

"నీకంటే ముందు ఈ ప్రశ్న అడిగినావిడ ఒకరున్నారు," అని దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ మొదలుపెట్టాను. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో, ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసిన కథ చాలామందికి తెలుసు. అంతకు రెండేళ్ల ముందుది నాకు ఇంకా ఇష్టం.

1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారు. ఊరంతా ఏర్పాట్లు. సభకు ఎవరెవరు వస్తారని పెద్దలు లెక్కలేస్తుంటే, అప్పటికి పన్నెండేళ్లు నిండని దుర్గాబాయి ఎవరు రాలేరో ఆలోచించింది. దేవదాసీలు రాలేరు, వాళ్లను పక్కన కూర్చోనిచ్చేవాళ్లు లేరు. బురఖా చాటున బతికే ముస్లిం స్త్రీలు రాలేరు. వాళ్లకోసం ఆయన వేరే కొన్ని నిమిషాలు మాట్లాడాలంటే అయిదు వేల రూపాయల విరాళం తెమ్మన్నారు నిర్వాహకులు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. పిల్ల వెనక్కి తగ్గుతుందనుకున్నారేమో! ఆ స్త్రీల దగ్గరే ఆ డబ్బు పోగుచేసి సభ జరిపించింది.

పెద్దయ్యాకా ఆ చూపు మారలేదు. 1930, 1933 మధ్య స్వాతంత్ర్యోద్యమంలో మూడుసార్లు జైలుకెళ్లినప్పుడు, హత్యానేరం మీద శిక్ష పడిన ఆడవాళ్లను చూసింది. తమ తరఫున ఏం చెప్పుకోవచ్చో కూడా తెలియక శిక్ష మోస్తున్నవాళ్లు. తను లాయరు కావాలన్న పట్టుదల అక్కడే పుట్టింది. పట్టుదల సరే, చదువేదీ? బడి మధ్యలో మానేసిన మనిషి. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇరవైల నడిమి వయసులో అక్షరాల దగ్గర నుంచి మొదలుపెట్టి, ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ గట్టెక్కింది.

తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వెళ్లింది, రాజనీతి శాస్త్రం చదువుతానని. అప్పుడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి సీటు కుదరదన్న మాట ఎదురైంది. మనలో ఎవరైనా ఏం చేస్తాం? ఒక తెలిసినాయనతో సిఫారసు చేయించి, వాల్తేరులో ఓ బంధువుల ఇంట్లో గది చూసుకుని, మన సీటు మనం తెచ్చుకుంటాం. తప్పు కూడా కాదు. ఆవిడ మాత్రం పత్రికలో ప్రకటన ఇచ్చింది: యూనివర్సిటీలో చేరాలని ఉండీ, హాస్టల్ లేక ఆగిపోయిన ఆడపిల్లలు తనకు రాయండని. రాశారు. ఆ అమ్మాయిలందరినీ కూడగట్టి హాస్టల్ ఏర్పాటు చేయించింది. తను చేరింది, వాళ్లూ చేరారు. 1939లో ఆనర్స్, 1942లో మద్రాసులో లా.

ఇక్కడ ఒక్కసారి ఆగి చూడండి. ఆ హాస్టల్ చదువు కోసమా, నాయకత్వమా, సేవా? దరఖాస్తులో ఏ గడిలో రాయాలి?

మూడు గళ్లు, ఒక్క పని

మన పిల్లలకు ఈ మూడూ వేరు వేరని మనమే నేర్పాం. ముందు మార్కులు తెచ్చుకో. టైముంటే క్లబ్బు. సెలవుల్లో ఎప్పుడైనా సేవ, అదీ సర్టిఫికెట్ ఇస్తేనే. ఇలా విడగొట్టాక మూడూ ఒకదాని టైము ఒకటి తినేస్తుంటాయి. రోజుకు ఇరవై నాలుగు గంటలు చాలవు.

దుర్గాబాయి దగ్గర ఒకటి ఇంకొకదానికి తిండి పెట్టింది. జైల్లో చూసిన కష్టం చదువుకు కారణమైంది. బెనారస్ మెట్రిక్‌కు తను పడ్డ పాట్లు మద్రాసులో తనలాంటి ఆడపిల్లలకు పాఠాలయ్యాయి. 1937లో అక్కడ పుట్టిన ఆంధ్ర మహిళా సభ అలా ఎదిగిందే. బడి మానేసిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షకు తయారయ్యే ఆ పద్ధతే, ఆవిడ స్థాపక అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ద్వారా 1958 నుంచి దేశమంతటికీ పాకింది. తను నేర్చుకున్న దారినే పదిమందికి మెట్లుగా కట్టింది.

రాజ్యాంగ సభకు వెళ్లినా ఆవిడ మర్చిపోని ప్రశ్న అదే. రాజ్యసభలో అడుగుపెట్టాలంటే 35 ఏళ్లు నిండాలని ముసాయిదా అంటే, 30 చాలని సవరణ పెట్టి గెలిచింది. బయట ఉండిపోతున్నది ఎవరో అక్కడా ఆవిడకు కనిపించింది.

మా పేట పేరులోనూ ఈ సంగతి దాగుంది. అరబ్బీలో నహ్దా అంటే మేలుకోవడం, లేచి నిలవడం. పంతొమ్మిదో శతాబ్దంలో కైరోలో, బీరూట్‌లో వచ్చిన సాంస్కృతిక చైతన్యానికీ అదే పేరు. బుట్రస్ అల్ బుస్తానీ 1863లో బీరూట్‌లో అన్ని మతాల పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చునే బడి తెరిచాడు. మరో పదకొండేళ్లకు, 1874లో, ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం ఆడపిల్లలకు బడి పెట్టారు. ఒకరి పేరు ఒకరు విని ఉండరు. ఇద్దరూ బడిలోకి చూసి, ఇక్కడ లేని పిల్లలెవరని అడిగినవాళ్లే. ఒక జాతి వికాసమైనా, ఒక మనిషి వికాసమైనా అక్కడే మొదలవుతుందేమో.

గంటల లెక్క

గంటలు లెక్కపెట్టడం తప్పని నేననను. మన దేశంలో కాలేజీ పిల్లల కోసం 1969లో మొదలైన జాతీయ సేవా పథకం, ఎన్.ఎస్.ఎస్., లెక్క మీదే నడుస్తోంది. రెండేళ్లలో 240 గంటలు, మధ్యలో ఒక ప్రత్యేక శిబిరం. ఆ లెక్క లేకపోతే ఊరి మొహం చూడని పట్నం పిల్లలు ఎందరో! గంటలు మనల్ని గుమ్మం దాకా తీసుకెళ్తాయి. లోపల ఎవరున్నారో చూడటం మన పని.

ఇక్కడి పిల్లలకు ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. మన ఊళ్లో ఎవరికైనా కష్టమొస్తే వెంటనే వాట్సాప్‌లో చందాలు మొదలుపెడతాం. ఇక్కడ అలా కుదరదు. అనుమతి ఉన్న సంస్థలు తప్ప ఎవరూ విరాళాలు వసూలు చేయకూడదని 2021 నాటి ఫెడరల్ చట్టం చెబుతోంది. మంచి మనసుతో చేసినా నేరమే. వలంటీరుగా పని చేయాలన్నా అధికారికంగా నమోదైన దారుల్లోనే వెళ్లాలి. మొదట్లో ఇది కాళ్లకు బంధంలా అనిపిస్తుంది. నాకైతే మేలే అనిపిస్తుంది. డబ్బు వసూలు చేసే దారి మూసుకుపోతే, మనిషి తన దగ్గర ఇంకేముందో వెతుక్కుంటాడు. సమయం ఉంది, చదువు ఉంది, నాలుగు భాషలు తెలుసు, మెట్లెక్కే కాళ్లున్నాయి. ఆ రోజు మా అమ్మాయి పెట్టుబడి అదే.

మరి రేపు క్యాంపస్‌కు వెళ్లే విద్యార్థి ఏం చేయాలి? పెద్ద పనులు వద్దు. క్లాసు గ్రూపులో ఎప్పుడూ మాట్లాడనివాళ్లు ఎవరో ఒకసారి చూడండి. క్లబ్బు మీటింగుకు మొదటిసారి వచ్చి, రెండోసారి రానివాళ్లను ఎందుకు రాలేదో అడగండి. చివరి బస్సు ఏడింటికైతే ఏడున్నరకు మీటింగు పెట్టి, ఫలానావాళ్లకు ఆసక్తి లేదనకండి. పరీక్ష ముందు మీరు రాసుకున్న నోట్సు, సబ్జెక్టు తప్పినవాళ్లలో ఒక్కరికి కూర్చుని చెప్పండి. చెప్పాక మీకే అర్థమవుతుంది, మీకు రానిది ఎక్కడుందో. చదువు పెరిగే దారుల్లో అదొకటి.

దిగిపోయాక

ఇంకో పరీక్ష కూడా ఉంది. ఇది కొంచెం చేదుగా ఉంటుంది. మీరు పదవి దిగిపోయాక ఆ పని నడుస్తోందా?

మా అమ్మాయి కార్యదర్శి అయిన కొత్తలో క్లబ్బు కాగితాలేవీ దొరకలేదట. వెళ్లిపోయిన బ్యాచ్ వాళ్ల సొంత ఖాతాల్లో ఉండిపోయాయి. సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వచ్చిందని అప్పట్లో వాళ్లను తెగ తిట్టుకుంది. "మరి నీ తర్వాతివాళ్లకు నువ్వు అన్నీ అప్పగించావా?" అంటే నాలుక కరుచుకుంది. మనం లేకపోతే పని ఆగిపోతే మన గొప్పే అనుకుంటాం. నిజానికి అది మన అప్పు, తీర్చకుండా వెళ్లిపోయినది. దుర్గాబాయి 1981లో కన్నుమూశారు. ఆవిడ నాటిన ఆంధ్ర మహిళా సభ హైదరాబాద్‌లో, చెన్నైలో ఆ తర్వాతా నడిచింది.

ఆ సాయంత్రం ఆ పిల్ల రెండో గడి, మూడో గడి రెండూ కొట్టేసి, మళ్లీ రాసుకుంటానని వెళ్లింది. ఏం రాసిందో నాకు చూపించలేదు. స్కాలర్‌షిప్ వస్తుందో రాదో కూడా తెలియదు.

మర్నాడు కింద నాతూర్ దగ్గర ఆగాను. ఇక్కడ వాచ్‌మన్‌ను అలాగే పిలుస్తాం. కొత్తగా ఎవరో దిగుతున్నట్టున్నారు, సామాన్ల లారీ ఆగి ఉంది. ఆయన తన బల్ల సొరుగులోంచి అట్ట నలిగిన నోట్‌బుక్ ఒకటి తీశాడు. అంతస్తు, ఫ్లాట్ నంబరు, ఎవరున్నారు, ఏం కావాలి. అవే నాలుగు గీతలు. పై పేజీల్లో మా అమ్మాయి చేతిరాత, నీళ్ల మరకలు. కింద వంకర టింకర అక్షరాలు ఆయనవి. కొత్తగా వచ్చిన ఇంటాయనను అడుగుతున్నాడు: "ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా? మెట్లు దిగగలరా?"