గీతల పాఠము

తమకు చిత్రలేఖనము రాదని వెనుదీయు విద్యార్థులకై మేమీ పాఠము వ్రాయుచున్నాము. అమెరికాలో రిక్ రాబర్ట్స్, మరియా థామస్ అనువారు రూపొందించిన జెంటాంగిల్ పద్ధతిలో గీత చెరుపు పని లేదు; తప్పిన గీతయే మరొక నమూనాకు ఆరంభమగును.

ఇతివృత్తము నెలవంక అనుకొందము. 3½ అంగుళముల చదరపు కాగితముపై పెన్సిలుతో నెలవంకను గీచి, లోపల వంపుగీతలతో గదులు చేయవలెను. ఒక గదిలో ‘క్రెసెంట్ మూన్’ అను నమూనా: అంచు వెంట చిన్న అర్ధవృత్తములను సిరాతో నింపి, వాటిచుట్టు అలలవలె గీతలను, ఒకదానినొకటి తాకువరకు, పేర్చవలెను. తక్కిన గదులకు రెండు నమూనాలు చాలును; మించినచో నెలవంక రూపము మరుగగును.

క్రొత్త నమూనా ఎదురైనప్పుడు దానిని చుక్కగా, గీతగా, వంపుగా విడదీసి చూడవలెను. అట్లు చూచువారికి మసీదు జాలీయు, వాకిటి ముగ్గును పాఠ్యపుస్తకములే. రాదనుటకు ముందు ఒక్క కాగితమైనను నింపుడని మా మనవి.